జ్వరం, దగ్గు ముదురుతున్నాయేమో రక్తపరీక్ష కాగితంలో ముందుగా గుర్తుపట్టడం ఎలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కు దగ్గరలో ఒక ల్యాబ్‌లో చాలా ఏళ్లుగా రక్తపరీక్షలు చేస్తున్నాను. వానాకాలం చివర్లోనూ, మళ్లీ సంక్రాంతి ముందు చలిలోనూ మా కౌంటరు దగ్గర ఎక్కువగా వినపడే ప్రశ్న ఒకటే: "బాబూ, ఇది సీరియస్సేనా?" అడిగేవారి చేతిలో ఒక్క కాగితం ఉంటుంది, అందులో లావు అక్షరాల్లో అచ్చయిన ఒక అంకె మీద వేలు ఉంటుంది. ఆ ఒక్క అంకెను చూసి జవాబు చెప్పడం ఎవరి తరమూ కాదు. అయితే అదే అంకెను, జ్వరం ఎన్నో రోజు, ఆ మనిషికి ఒంట్లో బాగున్నప్పుడు ఆ అంకె ఎంత ఉండేది, ఇప్పుడు ఊపిరి ఎలా ఆడుతోంది అన్న మూడు విషయాల పక్కన పెట్టి చూస్తే, అది ఒకటి రెండు రోజుల ముందే కబురు చెబుతుంది. ఫ్లూ, కోవిడ్ వంటి వైరస్ జ్వరాలు ఊపిరితిత్తులకు దిగుతున్నాయా లేదా అని రక్తపరీక్షల ద్వారా గమనించుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా చెబుతాను. నేను పరీక్ష చేసేవాడినే తప్ప మందు రాసేవాడిని కాను; మీరు గమనించినదాన్ని డాక్టరు ముందు పెట్టడం వరకే ఈ పద్ధతి.

మొదటి పని: రోజులు లెక్కపెట్టడం

ఒక నోటుపుస్తకం తీసుకుని, ఒళ్లు నొప్పులో గొంతు నొప్పో మొదలైన రోజును 1వ రోజుగా రాయండి. చాలామంది పరీక్షలో పాజిటివ్ వచ్చిన రోజును మొదటి రోజుగా లెక్కవేస్తారు, అక్కడే తప్పు దొర్లుతుంది. జ్వరం వచ్చిన నాలుగో నాడు పరీక్ష చేయించుకున్నవారికి కాగితం మీద ఒకటో రోజు అయినా, ఒంట్లో వైరస్‌కు అది నాలుగో రోజే. ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, ఒక్కో వైరస్‌కు ఒక్కో నడక ఉంటుంది. కోవిడ్‌లో మొదటి 5 రోజులు మామూలు జలుబులాగే గడిచి, 7 నుంచి 10 రోజుల మధ్య ఆయాసం మొదలవడం 2020, 2021 సంవత్సరాల్లో మనమంతా చూశాం. ఫ్లూ అంతకన్నా తొందరపాటు మనిషి: ముదిరేది ఉంటే తరచుగా 3 నుంచి 5 రోజుల్లోనే ముదురుతుంది. ఫ్లూకు వాడే ఒసెల్టామివిర్ మందు మొదటి 48 గంటల్లో మొదలుపెట్టినప్పుడే బాగా పనిచేస్తుంది కాబట్టి, పెద్దవయసువారికి, గర్భిణులకు, దీర్ఘరోగులకు రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగకుండా డాక్టరును కలవడమే మంచిది.

రెండో పని: కాగితానికి ముందు ఊపిరి

రక్తం ఇవ్వకముందే ఇంట్లో తెలుసుకోగల రెండు అంకెలు ఉన్నాయి, అవి ఏ ల్యాబ్ అంకెకన్నా విలువైనవి. మొదటిది, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారన్నది. రోగికి చెప్పి లెక్కపెడితే ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు చేయి పట్టుకుని, గడియారం చూస్తూ, పొట్టో రొమ్మో ఎన్నిసార్లు లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం లెక్కించండి. రెండోది, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటర్ అంకె. చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగు ఉన్నా, గోరింటాకు ముదురుగా పండి ఉన్నా ఆ వేలిని వదిలి వేరే వేలికి పెట్టి, అంకె నిలబడేవరకు ఒక నిమిషం ఆగండి. ఒంటి రంగు నలుపైనవారికి ఈ పరికరం కొన్నిసార్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

కోవిడ్ కాలంలో కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాల ప్రకారం నిమిషానికి 24 లేదా అంతకన్నా ఎక్కువసార్లు ఊపిరి తీస్తున్నా, ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా అది మధ్యస్థ తీవ్రత. ఊపిరి 30 దాటినా, ఆక్సిజన్ 90 కన్నా తగ్గినా తీవ్రమైన దశ. ఈ స్థితిలో ఉన్నవారిని ల్యాబ్ బెంచీ మీద కూర్చోబెట్టి రక్తం తీయించడం కాలయాపన. పెదవులు నీలిరంగులోకి మారినా, మాట తడబడుతున్నా, మనిషి మగతగా ఉన్నా అంతే. 108కి ఫోన్ చేయండి. పరీక్షలు ఆసుపత్రిలో వాళ్లే చేస్తారు.

మూడో పని: పరీక్ష ఎవరికి, ఎప్పుడు

ఆక్సిజన్ 95, 96 ఉండి, తిండి తింటూ, ఇంట్లో తిరుగుతున్న ముప్పై ఏళ్ల మనిషికి ఈ పరీక్షలతో సాధారణంగా పని లేదు. మా వృత్తిలో ఉన్నవాడిని ఈ మాట అనకూడదని కొందరు అంటారు గాని, "ఫీవర్ ప్యాకేజీ" పేరుతో పదిహేను పరీక్షలు కలిపి అమ్మడం నాకు నచ్చదు. 2021 మే నెలలో, రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా కూడా తేలికపాటి లక్షణాలున్నవారు సీటీ స్కాన్ల కోసం, రక్తంలోని సూచికల కోసం పరుగెత్తవద్దని బహిరంగంగానే చెప్పారు. అనవసరంగా చేయించిన పరీక్షలో కాస్త పెరిగిన అంకె అనవసరమైన మందుకు దారితీస్తుంది.

అరవై దాటినవారు, షుగరు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భిణులు, మూడు రోజులు దాటినా జ్వరం దిగనివారు, తగ్గినట్టే తగ్గి మళ్లీ జ్వరం తిరగబెట్టినవారు మాత్రం డాక్టరుకు చెప్పి, 3 నుంచి 5వ రోజు మధ్య ఒకసారి పరీక్ష చేయించుకోవడంలో అర్థముంది. మొదటి విడతకు నాలుగు చాలు: సి.బి.సి. (రక్తకణాల లెక్క), సి.ఆర్.పి. (ఒంట్లో మంటను చూపే ప్రోటీన్), బ్లడ్ యూరియాతో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), షుగరు. లక్షణాలు అలాగే ఉంటే 48 గంటల తర్వాత మళ్లీ సి.బి.సి., సి.ఆర్.పి. చూడాలి. రెండోసారి చేయించడానికి డబ్బు మిగలదనుకుంటే, మొదటిసారే అన్నీ చేయించడం మాని, ఆ రెండింటినే రెండుసార్లు చేయించుకోవడం తెలివైన ఖర్చు.

నాలుగో పని: రక్తం ఇచ్చేటప్పుడు

పరగడుపున ఉండాల్సిన అవసరం లేదు. జ్వరంతో ఉన్నవారు నీళ్లు తాగి వస్తే నరం సులువుగా దొరుకుతుంది. ఊదారంగు మూత గొట్టంలో సి.బి.సి.కి, ఎరుపు లేదా పసుపు మూత గొట్టంలో సి.ఆర్.పి., యూరియా వంటివాటికి, లేత నీలం మూత గొట్టంలో డి-డైమర్‌కు (రక్తపు గడ్డల జాడ చూపే పరీక్ష) రక్తం తీస్తారు. నీలం గొట్టంలో గీత వరకు నిండాలి, తక్కువ పడితే లెక్క చెడుతుంది. ఊదా గొట్టాన్ని వెంటనే నెమ్మదిగా తలకిందులు చేస్తూ కలపకపోతే లోపల చిన్న గడ్డ కట్టి, ప్లేట్‌లెట్లు తగ్గకపోయినా పడిపోయినట్టు కనిపిస్తాయి. ఇచ్ఛాపురం, సోంపేటల నుంచి మోటారుసైకిల్ మీద పెట్టెలో కుదుపులు తింటూ వచ్చే గొట్టాల్లో ఎర్రకణాలు చిట్లిపోయి, పైకి తేలిన రసం గులాబీరంగులో కనిపించడం మాకు కొత్త కాదు. అలాంటి నమూనాలో ఎల్.డి.హెచ్. (కణాలు దెబ్బతింటే పెరిగే ఎంజైమ్), పొటాషియం అబద్ధంగా పెరుగుతాయి. రిపోర్టు అడుగున "హిమోలైజ్డ్" అని ఉంటే ఆ రెండు అంకెలను నమ్మకుండా మళ్లీ రక్తం ఇవ్వండి.

ల్యాబ్‌లో తప్పక చెప్పవలసిన విషయం ఇంకొకటి ఉంది: ఊళ్లో ఆర్.ఎం.పి. గారి దగ్గర ఇంజెక్షన్ చేయించుకున్నారా? అందులో డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటే జ్వరం ఆ పూట దిగుతుంది, మనిషి హుషారుగా లేచి కూర్చుంటాడు, కాని రక్తంలో న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు పెరిగి, లింఫోసైట్లు అనే తెల్లకణాలు తగ్గి, షుగరు ఎక్కి, సి.ఆర్.పి. కిందికి దిగుతుంది. అంటే సి.బి.సి. చూస్తే జబ్బు ముదిరినట్టు, సి.ఆర్.పి. చూస్తే నయమైనట్టు కనిపిస్తుంది. రెండూ ఆ సూది మహిమే. ఏ ఇంజెక్షనో తెలియకపోతే ఖాళీ సీసాను అడిగి తెచ్చుకోండి.

ఐదో పని: సి.బి.సి.లో రెండు లెక్కలు

సి.బి.సి. కాగితం అందగానే అందరి కళ్లూ ప్లేట్‌లెట్ల మీదికే పోతాయి. డెంగీ మనకు నేర్పిన అలవాటు అది. ఊపిరితిత్తులకు దిగే వైరస్ జ్వరంలో మొదట చూడవలసినది లింఫోసైట్లు. వైరస్‌తో పోరాడే ఈ తెల్లకణాలు జబ్బు ముదిరేకొద్దీ రక్తంలో నుంచి ఊపిరితిత్తుల్లోకి తరలిపోతాయి, కొన్ని చనిపోతాయి, ఒంటి ఒత్తిడికి విడుదలయ్యే హార్మోన్ల వల్ల ఇంకొన్ని తగ్గుతాయి. అందుకే వాటి సంఖ్య పడిపోవడం తొలి హెచ్చరికల్లో ఒకటి.

కాగితంలో శాతం ఉంటుంది. శాతాన్ని సంఖ్యగా మార్చుకోవాలి. మొత్తం తెల్లకణాల సంఖ్యను లింఫోసైట్ల శాతంతో గుణించి 100తో భాగించండి. ఉదాహరణకు 3వ రోజున మొత్తం తెల్లకణాలు 6,400, న్యూట్రోఫిల్స్ 68 శాతం, లింఫోసైట్లు 25 శాతం ఉన్నాయనుకుందాం. లింఫోసైట్ల సంఖ్య 1,600 అవుతుంది, ఇబ్బంది లేదు. 5వ రోజున అదే మనిషికి మొత్తం 5,200, న్యూట్రోఫిల్స్ 81, లింఫోసైట్లు 13 శాతం వచ్చాయి. మొత్తం తెల్లకణాలు 4,000 నుంచి 11,000 మధ్యే ఉన్నాయి కాబట్టి పై వరుసలో ఏ ఎర్ర గుర్తూ ఉండదు, "కౌంటు నార్మలే" అని ఇంటికి వెళ్లిపోతారు. కాని లింఫోసైట్ల సంఖ్య 676కి దిగింది. పెద్దవారిలో 1,000 కన్నా తగ్గితే గమనించాలి, 800 కన్నా తగ్గితే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

రెండో లెక్క ఇంకా సులువు: న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్ల శాతంతో భాగించడం. మామూలుగా 1 నుంచి 3 మధ్య వస్తుంది. పై ఉదాహరణలో 3వ రోజు 2.7 ఉన్నది, 5వ రోజు 6.2 అయింది. కోవిడ్ కాలంలో మన డాక్టర్లు 3.5 దాటితే జాగ్రత్తపడేవారు. దీనికోసం విడిగా ఏ పరీక్షా కొనక్కరలేదు, చిన్న ఆరోగ్యకేంద్రంలో చేసే సి.బి.సి. చాలు, నాకు ఈ లెక్క మీద ఉన్న మక్కువకు కారణం అదే. అయితే చిన్నపిల్లలకు ఇది వర్తించదు. ఐదారేళ్ల లోపు పిల్లల్లో లింఫోసైట్లే ఎక్కువగా ఉంటాయి. గర్భిణుల్లో న్యూట్రోఫిల్స్ సహజంగానే పెరిగి ఉంటాయి.

ప్లేట్‌లెట్లు లక్షన్నర కన్నా కాస్త తగ్గడం చాలా వైరస్ జ్వరాల్లో కనిపిస్తుంది. లక్ష కన్నా దిగితే డెంగీ, మలేరియా, స్క్రబ్ టైఫస్‌లను కూడా అనుమానించాలి. మన ప్రాంతంలో పొలం పనులకు, కట్టెలకు, జీడితోటలకు వెళ్లేవారిలో స్క్రబ్ టైఫస్ దగ్గు, ఆయాసాలతో వచ్చి ఫ్లూలాగే మోసం చేస్తుంది. చంకల్లో, నడుము దగ్గర, తొడల సందుల్లో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో ఒకసారి వెతకండి. నొప్పి ఉండదు కాబట్టి రోగికే తెలియదు. ఉంటే డాక్టరుకు చూపించండి, దానికి వేరే మందు ఉంది.

ఆరో పని: సి.ఆర్.పి.ని కొలతతో సహా చదవడం

1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో న్యుమోనియా రోగుల రక్తంలో మొదట గుర్తించిన ప్రోటీన్ ఇది. ఒంట్లో ఎక్కడ మంట రేగినా, అంటే జబ్బుతోనో దెబ్బతోనో వాపు పుట్టినా, కాలేయం దీన్ని తయారుచేస్తుంది. మంట మొదలైన 6 నుంచి 8 గంటల్లో పెరగడం మొదలై, రెండు రోజుల్లో పై స్థాయికి చేరుతుంది. మంట ఆగితే రక్తంలో ఉన్నది దాదాపు 19 గంటలకు సగమవుతుంది. ఈ 19 గంటల లెక్కే మనకు పనికొచ్చేది: నిజంగా తగ్గుముఖం పట్టిన మనిషిలో రెండు రోజుల తర్వాత అంకె స్పష్టంగా దిగాలి.

చదివేముందు అంకె పక్కనున్న కొలత చూడండి. ఒకటి లీటరుకు మిల్లీగ్రాములు, రెండోది డెసీలీటరుకు మిల్లీగ్రాములు. రెండోదాన్ని 10తో గుణిస్తే మొదటిది వస్తుంది. 2021 రెండో అలలో, కవిటి వైపు ఉండే మా మేనమామకు ఒక ల్యాబ్‌లో సి.ఆర్.పి. 4.8 అని వచ్చింది. మర్నాడు వేరే ల్యాబ్‌లో 46 వచ్చింది. ఒక్క రోజులో పది రెట్లు పెరిగిందని ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి, రాత్రికి రాత్రి విశాఖ తీసుకెళ్లడానికి కారు మాట్లాడేశారు. నాకు వాట్సాప్‌లో రెండు కాగితాలూ పంపితే చూశాను: మొదటిది డెసీలీటరు లెక్క, అంటే 48. రెండోది లీటరు లెక్క, 46. జబ్బు ఒక మెట్టు దిగిందే తప్ప ఎక్కలేదు. మొదటి ల్యాబ్‌వారు కొలతను ఎంత చిన్న అక్షరాల్లో వేశారంటే, నేను కూడా ఫోన్‌లో పెద్దది చేసి చూడవలసి వచ్చింది. కారు వద్దని చెప్పి, అదే ల్యాబ్‌లో రెండు రోజుల తర్వాత మళ్లీ చేయించమన్నాను. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది, ఒక జబ్బుకు మొదలు నుంచి చివరి వరకు ఒకే ల్యాబ్‌ను పట్టుకోమని.

ఇక లీటరు లెక్కలో చెప్పాలంటే, మామూలు వైరస్ జ్వరం మొదటి మూడు నాలుగు రోజుల్లో 10 నుంచి 40 వరకు వెళ్లడం వింత కాదు. 3వ రోజు 30 ఉన్నందుకు భయపడక్కరలేదు. 7వ రోజు 30 నుంచి 90కి ఎక్కినందుకు, జ్వరం తగ్గినా సరే, ఊరుకోకూడదు. బ్రిటన్‌లో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరినవారి ప్రమాదాన్ని అంచనా వేయడానికి 2020లో రూపొందించిన 4సి స్కోరులో 50 దాటితే ఒక మార్కు, 100 దాటితే రెండు మార్కులు వేస్తారు. అదే స్కోరులో వయసు ఒక్కదానికే 7 మార్కుల వరకు ఉన్నాయి. అంకెల కోసం కాగితం తిరగేసే ముందు ఎదురుగా మంచం మీదున్న మనిషి వయసును మరిచిపోవద్దని ఆ స్కోరు చెప్పకనే చెబుతోంది. కాలేయం బాగా చెడినవారిలో సి.ఆర్.పి. ఎక్కువగా పెరగకపోవచ్చు కాబట్టి, వారిలో తక్కువ అంకెను చూసి నిశ్చింతపడకూడదు.

ఏడో పని: మిగతా పేర్లు

డి-డైమర్, ఫెరిటిన్, ఎల్.డి.హెచ్. అనే మూడూ ఆసుపత్రి స్థాయి పరీక్షలు. ఇంటి దగ్గర ఉన్న మనిషికి డాక్టరు రాస్తేనే చేయించండి.

డి-డైమర్ అంటే ఒంట్లో కట్టిన రక్తపు గడ్డ కరిగినప్పుడు మిగిలే తునక. వూహాన్‌లో ఆసుపత్రిలో చేరిన 191 మంది మీద జరిగిన అధ్యయనం 2020 మార్చిలో లాన్సెట్ పత్రికలో వచ్చింది. చేరేనాటికి ఇది మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రామ్ దాటినవారిలో మరణాలు ఎక్కువగా కనిపించాయి. ఇందులోనూ కొలతల గొడవ ఉంది. ఎఫ్.ఇ.యు. అనే లెక్కలో వచ్చే అంకె, డి.డి.యు. లెక్కలో వచ్చేదానికి దాదాపు రెట్టింపు ఉంటుంది, కాబట్టి రెండు కాగితాల్లో ఒకే లెక్క ఉందో లేదో చూసుకోవాలి. గర్భం, ఇటీవలి ఆపరేషన్, ముసలితనం ఏ వైరస్సూ లేకుండానే దీన్ని పెంచుతాయి.

ఫెరిటిన్ ఇనుము నిల్వను చూపించే ప్రోటీన్, మంట ఉన్నప్పుడు కూడా పెరుగుతుంది. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే. నిల్వ అడుగంటిన ఒంట్లో ఫెరిటిన్ మూడు రెట్లు పెరిగినా "నార్మల్" గడిలోనే కనిపించవచ్చు. ఎల్.డి.హెచ్. ఏ కణజాలం దెబ్బతిన్నా పెరుగుతుంది. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ వైపు సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు ఉన్నవారిలో ఎర్రకణాలు ఎప్పుడూ చిట్లుతుండడం వల్ల, మలేరియా ఉన్నవారిలో కూడా, ఇది ముందే ఎక్కువగా ఉంటుంది. సికిల్ సెల్ ఉన్నవారికి దగ్గుతో జ్వరం వచ్చి ఛాతీలో నొప్పి మొదలైతే ఏ అంకె కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రోకాల్సిటోనిన్ వేరే కోవకు చెందినది. బ్యాక్టీరియా తోడయిందా అన్న ప్రశ్నకు అది కొంత జవాబు చెబుతుంది. మిల్లీలీటరుకు 0.25 నానోగ్రాముల కన్నా తక్కువ ఉంటే బ్యాక్టీరియా ఉండే అవకాశం తక్కువ. ఫ్లూ తగ్గి రెండు మూడు రోజులు బాగుండి, మళ్లీ చలిజ్వరం, పచ్చటి కఫం వచ్చినప్పుడు డాక్టర్లు దీన్ని అడుగుతారు.

ఎనిమిదో పని: మీ మామూలు అంకె ఏది?

ఇది మన జిల్లా వారికి మిగతా అన్నింటికన్నా ముఖ్యం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లోని ఉద్దానంలో, కారణం పూర్తిగా తేలని మూత్రపిండాల జబ్బుతో బతుకుతున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వారికి వైరస్ జ్వరం వచ్చినప్పుడు పుస్తకంలోని గీతలు పనికిరావు.

యూరియాను తీసుకోండి. న్యుమోనియా తీవ్రతను కొలిచే కర్బ్-65 అనే లెక్కలో యూరియా లీటరుకు 7 మిల్లీమోల్స్, అంటే మన కాగితాల లెక్కలో డెసీలీటరుకు సుమారు 42 మిల్లీగ్రాములు దాటితే ఒక మార్కు. 4సి స్కోరులో 14 మిల్లీమోల్స్, అంటే సుమారు 84 మిల్లీగ్రాములు దాటితే మూడు మార్కులు. డయాలిసిస్‌కు వెళ్లే మనిషికి ఒంట్లో బాగున్న రోజు కూడా యూరియా 100 దాటి ఉంటుంది. జలుబు చేయకపోయినా ఆ మూడు మార్కులూ పడిపోతాయి. డి-డైమర్, ప్రోకాల్సిటోనిన్ కూడా మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో ముందే కాస్త ఎత్తులో ఉంటాయి. లింఫోసైట్లు ముందే కాస్త తక్కువగా ఉండవచ్చు. కొత్తగా చూసే డాక్టరుకు ఇవన్నీ వైరస్ చేసిన నష్టంగా కనిపించే ప్రమాదం ఒకవైపు ఉంటే, "వీళ్లకు ఎప్పుడూ ఇంతే" అని నిజంగా పెరిగినదాన్ని కూడా ఇంట్లోవాళ్లు కొట్టిపారేసే ప్రమాదం ఇంకోవైపు ఉంది. నేను ఎక్కువగా చూసింది రెండోదే. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వైరస్ జ్వరం నిజంగానే ఎక్కువ ముప్పు కాబట్టి, అది మరింత చేటు.

దీనికి చేయవలసిన పని చిన్నదే. గత మూడు నెలల రిపోర్టులు వెతికి తీయండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో గాని, మరే డయాలిసిస్ కేంద్రంలో గాని చూపించుకునేవారి దగ్గర ఆ కాగితాలు ఫైలులో ఉండనే ఉంటాయి. బాగున్న రోజుల్లో యూరియా, క్రియాటినిన్, హిమోగ్లోబిన్, లింఫోసైట్ల సంఖ్య ఎంతెంత ఉండేవో నోటుపుస్తకంలో ఒక నిలువు గడిలో రాసి, ఇవాళ్టి అంకెలను పక్క గడిలో రాయండి. క్రియాటినిన్ ఎప్పుడూ 2.1 ఉండే మనిషికి ఇవాళ 2.2 ఉంటే అది కబురు కాదు, 3.4 ఉంటే కబురే. ఒళ్లు నొప్పులకని డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు వేసుకుంటే ఆ తేడా వైరస్ వల్ల కాకుండా మాత్ర వల్లే రావచ్చు; వీరు ఆ మాత్రల జోలికి పోకూడదు.

తొమ్మిదో పని: రెండు కాగితాలను కలిపి చదవడం

48 గంటల తేడాతో తీసిన రెండు రిపోర్టులను పక్కపక్కన పెట్టండి. లింఫోసైట్లు పెరిగి, సి.ఆర్.పి. సగానికి దగ్గరగా దిగి, మనిషి ఆకలి అంటున్నాడంటే దారిలో పడ్డట్టే. లింఫోసైట్లు దిగి, సి.ఆర్.పి. ఎక్కి, కోవిడ్ అయితే 6, 7 రోజుల దగ్గర ఉన్నారంటే, ఆక్సిజన్ ఇంకా 95 ఉన్నా సరే, ఆ రోజే డాక్టరును కలిసి, ఇంట్లో నాలుగు గంటలకోసారి ఆక్సీమీటర్ పెట్టి రాయండి. రక్తంలో మార్పుకు, ఆక్సిజన్ పడిపోవడానికి మధ్య దొరికే ఈ ఒకటి రెండు రోజుల వ్యవధి కోసమే ఈ పరీక్షలన్నీ. రెండు అంకెలు రెండు వైపులకు లాగుతుంటే స్టెరాయిడ్ సంగతి, గొట్టం సంగతి, కొలత సంగతి మళ్లీ ఒకసారి చూసుకోండి.

అంకెను చూసి సొంతంగా మందు మొదలుపెట్టడం మాత్రం చేయవద్దు. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ప్రయోగం 2020లో డెక్సామెథసోన్ కోవిడ్‌లో ప్రాణాలు కాపాడుతుందని తేల్చింది. వెంటిలేటర్ మీదున్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. అదే ప్రయోగంలో ఆక్సిజన్ అవసరం లేనివారికి ఆ మందు వల్ల మేలేమీ కనిపించలేదు, మరణాలు తగ్గకపోగా కాస్త ఎక్కువగానే నమోదయ్యాయి. సి.ఆర్.పి. పెరిగిందని, ఆక్సిజన్ 97 ఉన్న మనిషికి మూడో రోజే స్టెరాయిడ్ వేయించడం ఎందుకు తప్పో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం. డి-డైమర్ చూసి రక్తం పలచబరిచే మాత్రలు మింగడం కూడా అలాంటిదే.

పదో పని: ఆసుపత్రికి బయల్దేరవలసి వస్తే

నోటుపుస్తకం, పాత రిపోర్టుల ఫైలు, వాడుతున్న మాత్రల అట్టలు ఒక సంచిలో వేసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో గాని, విశాఖ కె.జి.హెచ్.లో గాని క్యాజువాలిటీ డాక్టరుకు మీ కోసం ఉండే సమయం రెండు నిమిషాలు. జ్వరం వచ్చిన దగ్గర నుంచి కథంతా చెప్పకుండా, ఇలా ఒక్క గుక్కలో చెప్పండి: "ఇవాళ 7వ రోజండి. నిన్న 96 ఉన్న ఆక్సిజన్ పొద్దున్న 92 అయింది. లింఫోసైట్లు 1,600 నుంచి 676కి తగ్గాయి, సి.ఆర్.పి. 28 నుంచి 104 అయింది. క్రియాటినిన్ బాగున్నప్పుడు కూడా 2.1 ఉంటుంది. పెన్సిలిన్ పడదు. ఊళ్లో నిన్న ఒక ఇంజెక్షన్ చేశారు, సీసా ఇదిగో."

నయమై ఇంటికి వచ్చాక పరీక్షల వెంట పడవద్దు. ఫెరిటిన్, డి-డైమర్ మామూలుకు రావడానికి వారాలు పట్టవచ్చు, వాటిని వారం వారం చూసుకుంటే మిగిలేది దిగులే. దానికి బదులు ఒక నెల గడిచి, ఒంట్లో పూర్తిగా బాగున్న రోజున సి.బి.సి., యూరియా, క్రియాటినిన్ ఒక్కసారి చేయించి, ఆ కాగితాన్ని నోటుపుస్తకం మొదటి పేజీకి అంటించండి. థర్మల్ కాగితం మీద వచ్చిన రిపోర్టు అయితే ఎండకు, చెమటకు ఆరు నెలల్లో వెలిసిపోతుంది కాబట్టి, అంకెలను బాల్‌పెన్నుతో పక్కనే తిరగరాసి తేదీ వేయండి.